విమానం రేకు తలుపు

రోజూ పొద్దున పది దాటి పది నిమిషాలకు కల్లమ్మ ఇంట్లో కొట్టుగది తలుపు చప్పుడవుతుంది. మూడు దెబ్బలు, కాస్త ఆగి ఇంకో మూడు. ఆ చప్పుడుకే ఆమె బీపీ మాత్ర వేసుకుంటుంది. వీధిలోవాళ్లు గోడ గడియారాలు సరిచేసుకుంటారు. గదిలో కందుల బస్తాలు తప్ప ఎవరూ ఉండరు. "పోరడు కొట్టిండు" అనుకుని ఎవరి పనిలో వాళ్లు పడతారు. నారాయణఖేడ్‌లో నల్లా రావడం ఎంత మామూలో ఇదీ అంతే. నిజానికి నల్లాకంటే పోరడే వేళకు వస్తాడు.

ఆ తలుపు విమానం రేకు. బంగ్లా యుద్ధం ముగిసిన రెండో ఏడు, శిక్షణలో ఉన్న జెట్ విమానమొకటి సిర్గాపూర్ దారిలో వీళ్ల కందిచేనులో పొట్టమీద జారుకుంటూ వచ్చి ఆగింది. కల్లమ్మకు అప్పుడు పదహారేళ్లు, కాపురానికొచ్చి మూడు నెలలు. బిగుసుకుపోయిన అద్దపు మూత కింద, మీసం కూడా సరిగ్గా రాని పోరడు పిడికిలితో కొడుతున్నాడు. మూడు దెబ్బలు, ఆగి మూడు. నోరు తెరిచి అరుస్తున్నాడు కానీ మాట బయటికి రావడం లేదు. చుట్టూ నలభై మంది మగవాళ్లు, చేతుల్లో గొడ్డళ్లు, గడ్డపారలు. ఒక్కడూ కదల్లేదు. సర్కారు సామాను, ముట్టుకుంటే కేసవుతుంది, ఠాణాకు మనిషిని పంపాం, వాళ్లను రానీ అన్నాడు ఊరి పెద్ద.

కల్లమ్మ తన మొగుడు బాలప్ప చేతిలోని గడ్డపార మీద చెయ్యేసి "పలగ్గొట్టు" అంది. బాలప్ప ఆమె మణికట్టు పట్టుకుని "ఊకో. నీకేం తెలుసు" అన్నాడు.

ఠాణా జమాదారు సైకిలు మీద వచ్చేసరికి పొగ, మంట, అన్నీ అయిపోయాయి. మిలిటరీ లారీలు మిగిలినదంతా ఎత్తుకెళ్లాక చేనులో ఒక రేకు దొరికింది. ప్రాణం పోతుంటే సర్కారుదని ముట్టనివాళ్లు రేకును మాత్రం చక్కగా ముట్టుకున్నారు. బాలప్ప దాన్ని చెక్కకు బిగించి తలుపు చేశాడు. మర్నాటినుంచే, పోరడు కొట్టిన వేళకే చప్పుడు.

ఇవ్వాళ ఆ తలుపు వెనక కోడలు సవిత ఉంది.

చేలకు మందు కొట్టే డ్రోన్ నడపడం నేర్పిస్తామని మహిళా సంఘంలో ఇద్దరిని హైదరాబాదుకు పిలిచారు. పదిహేను రోజులు. పదకొండు గంటల బస్సు. ఐదేళ్లుగా వీపున మందు డబ్బా మోసి, ఆ వాసనకు అన్నం సయించక వాంతులు చేసుకున్న సవిత పేరు మొదట ఉంది. పెళ్లాం వీపున డబ్బా ఉన్నన్నాళ్లు కల్లమ్మ కొడుకు నందీశ్వర్‌కు ఏ ఇబ్బందీ లేదు. చేతికి రిమోట్ వస్తుందనగానే పరువు గుర్తొచ్చింది.

"ఆమె మిషన్ ఎగరేస్తే నేనేం ఎగరేయాలె? పతంగా?" అన్నాడు పొద్దున. బస్తా జరపమని ఆమెను గదిలోకి పంపి తాళం వేశాడు. తలుపు మూతపడేలోపు "అత్తా, నువ్వన్న చెప్పు!" అన్నది ఒక్కటే వినపడింది. ఆ రేకు దెబ్బలను బయటికి పంపుతుంది, మాటలను పంపదు.

తాళంచెవి, సవిత ఫోను తల్లి ఒళ్లో పడేశాడు. ఆ ఇంట్లో తల్లిని అవ్వ అంటారు.

"అవ్వా, కల్హేర్ అంగడికి పోయొస్త. బస్సు పోయినంక తియ్యి. గంతదాంక ఊకో."

ఊకో. బాలప్ప చచ్చి పన్నెండేళ్లయింది, ఆ మాట మాత్రం ఇంట్లోనే ఉండిపోయింది. కల్లమ్మ అరుగు మీద కూర్చుంది. కొడుకు కోపం ఎలాంటిదో ఆమెకు తెలుసు. అతని తండ్రి దగ్గర నేర్చుకున్నదే.

తొమ్మిదిన్నరకు సంఘం లీడర్ సలోమి ఆటో దిగింది.

"ఏంది కల్లమ్మా, సవిత తయారైందా?"

"లేదు. తల్లిగారింటికి పోయింది. రానంది."

లోపల సవిత రెండు చేతులతో బాదుతోంది. సలోమి తల తిప్పి చూసింది.

"ఇయ్యాల జల్దీ కొడుతుండేంది పోరడు?"

"ఏమో. పరేషాన్ల ఉన్నట్టుండు."

"వానికేం పరేషాన్, పెండ్లా పిల్లలా!" నవ్వి, మళ్లీ ముఖం ముడుచుకుంది సలోమి. "పదకొండు దాంక బస్టాండ్ల ఉంట. రాకుంటే కంగ్టి ఊరి పిల్లను ఎక్కిస్త. ఇగ మళ్లా ఈమె పేరు రాదు, చెప్పు."

ఆటో పోయింది. దెబ్బలు ఇంకాసేపు సాగి, పలచబడి, ఆగిపోయాయి. ఒక చప్పుడు విని ఊరుకోవడం యాభై ఏళ్లుగా నేర్చిన వీధి అది. ఇంకో చప్పుడు కలిసినా ఎవరికీ తేడా తెలియలేదు.

పది దాటింది. కల్లమ్మ మాత్ర అరచేతిలో పెట్టుకుని, గ్లాసులో నీళ్లు పోసుకుని కూర్చుంది. పది నిమిషాలు. పన్నెండు. పావు. చప్పుడు లేదు. బాలప్ప శవం వాకిట్లో ఉన్ననాడు కూడా పోరడు వేళ తప్పలేదు. ఎదురింట్లో ఎవరో గడియారం దించి చెవి దగ్గర పెట్టుకున్నారు. కల్లమ్మ చేతిలో మాత్ర చెమటకు కరుగుతోంది. మణికట్టు నొప్పి పుట్టింది, బాలప్ప పట్టుకున్న చోటే.

లేచి వెళ్లి రేకుకు చెవి ఆనించింది. చల్లగా ఉంది. చాలాసేపటికి అటువైపునుంచి ఒక్క దెబ్బ. ఇక అడగడం మానేయబోయే మనిషి కొట్టిన దెబ్బ. దాంతోపాటు గాజులు గలగలమన్నాయి.

పోరని చేతికి గాజుల్లేవు.

తాళం తీయడానికి ఎంతసేపు పడుతుందో అరవై ఎనిమిదేళ్ల కల్లమ్మకు అప్పుడు తెలిసింది. తాళంచెవి రెండు చుట్లు తిప్పేంతసేపు. అంతే.

సవిత పిడికిళ్లు కమిలిపోయి ఉన్నాయి. జుట్టు నిండా కందుల దుమ్ము.

"ఇయ్యాల పోరడు కొట్టలే," అంది కల్లమ్మ, ఫోను చేతిలో పెడుతూ. "వాని వంతు నీకిచ్చిండు. జల్దీ పో."

"ఆయనొస్తే నిన్ను బతకనియ్యడత్తా."

"కేసు పెట్టుకోమను."

సవిత మంచం కిందినుంచి బ్యాగు లాక్కుని, చెప్పులు చేత్తో పట్టుకునే పరిగెత్తింది.

సాయంత్రం నందీశ్వర్ ఇల్లెగిరిపోయేలా అరిచాడు. "కొట్టింది, తీసిన" అంది కల్లమ్మ. అతను తలుపు విసిరికొట్టి తాళం వేశాడు. వెనక్కి తిరిగేలోపు తలుపు బార్లా తెరుచుకుని ఉంది. కొత్త గడియ పెట్టించాడు, వెల్డింగ్ వాణ్ని తెచ్చి ఇనుప పట్టీ వేయించాడు. ఆ తలుపు ఇక మూతపడలేదు. చప్పుడు కూడా లేదు. వీధిలో గడియారాలు తలా ఒక వేళ చూపిస్తున్నాయి.

ఐదోనాడు పొద్దున కల్లమ్మ ఫోను మోగింది.

"అత్తా, ఇయ్యాల నేనొక్కదాన్నే ఎగరేసిన. తాడిచెట్టు కన్న పైకి పోయింది!"

"ఇంక పైననే ఉందా?"

"ఆ, ఉంది."

"అయితే ఫోను పెట్టేసి దాన్ని చూసుకో. దించినంక మళ్లా చెయ్యి," అంది కల్లమ్మ. ఫోను మళ్లీ మోగాకే వేసుకుందామని, మాత్ర చేతిలోనే పట్టుకుని కూర్చుంది.