దోనె లోతున వచ్చిన ఓడలు

సుమనకి మాస్టారంటే మహా గురి. ఆమె ఏలూరు కాలేజీలో కంప్యూటర్లు చెబుతుంది. సుందరరామయ్య మాస్టారు అక్కడే చరిత్ర చెప్పి రిటైరయ్యారు. ఎనిమిది వందల ఏళ్ల కిందట మన తీరానికి వర్తకపు ఓడలు ఎలా వచ్చేవో కంప్యూటర్లో నడిపి చూద్దామన్నది ఆయన ఆలోచనే. గాలులు, సరుకులు, రేవుల సంగతులు ఆయన చెప్పారు, ప్రోగ్రాము ఈమె రాసింది. రెండేళ్ల సెలవులన్నీ దానికే ధారపోసింది. దీంతో తనకీ నలుగురిలో పేరొస్తుందని ఆశ. ఆశపడితే తప్పా?

ఎన్నిసార్లు నడిపినా ఓడలు సముద్రపొడ్డునే ఆగిపోయాయి. కొల్లేటిని సముద్రంతో కలిపే ఉప్పుటేట్లో వాటికి లోతు చాలదు. సరుకు తాటిదోనెల్లోకి దించుకుని కొల్లేటికి తెచ్చుకోవాల్సిందే. మాస్టారి ఊరు కొల్లేటి ఒడ్డునే. ఓడలు వచ్చిన రేవు అదేనని తేలితే మ్యూజియం కట్టిస్తామని పెద్దలెవరో ఆయనకి మాటిచ్చారు. ఓడలు అక్కడికి రాలేదని సుమన చెబితే మాస్టారు ముఖం చిన్నబుచ్చుకుని, "పోనీలేమ్మా, ఉన్నదే చెబుదాం" అన్నారు. ఎంత పెద్దమనసని సుమన కళ్లనీళ్లు పెట్టుకుంది కూడాను, పిచ్చిది.

ఈ సంగతి చెప్పాల్సిన తాడేపల్లిగూడెం చరిత్ర సదస్సుకి ఆమె బస్సు దిగి చేరేసరికే మాస్టారు వేదికెక్కారు. తెర మీద ఓడలు బారులుతీరి ఉప్పుటేట్లోంచి తిన్నగా కొల్లేట్లోకి వచ్చేస్తున్నాయి. హాలంతా చప్పట్లు. ఏం మార్చారో సుమనకి చూడగానే తెలిసిపోయింది. ఓడ అడుగు నీళ్లలోకి ఎంత దిగుతుందో ఆ లోతు తీసేసి, దోనె అడుగు దిగే లోతు పెట్టారు. జానెడు నీళ్లలో అంత పెద్ద వర్తకపు ఓడ! ఆ దోనె లోతు ఇద్దరూ మోకాలి బురదలో నిలబడి కొలిచిందే. అంకెలు ఎక్కడ మార్చాలో ఆయనకి నేర్పిందీ తనే.

"ఇదంతా మా సుమన పనేనండీ, నాదేం లేదు" అంటున్నారు మాస్టారు. తెర మీద మొదటి పేరు ఆమెదే.

సుమన లేచింది. "మాస్టారండీ, ఇది నేను చేసింది కాదండీ. ఓడలు కొల్లేటికి రాలేదండీ. లోతు మీరు మార్చేశారు."

మాస్టారు కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. ఎప్పటిలాగే మెత్తగా నవ్వి, సభ వైపు తిరిగారు. "ఎండలో బస్సెక్కి వచ్చిందండీ, అలసిపోయింది పాపం. కూర్చోమ్మా, కాసిని మంచినీళ్లు తాగు."

ముందు వరసలోంచి ఎవరో గ్లాసు అందించారు. అందరూ జాలిగా చూస్తున్నారు. రెండేళ్లూ తను నమ్మిన గొంతు ఇదేనా అనుకుంది సుమన. గ్లాసు అందుకోలేదు, కూర్చోలేదు.

"నా పేరు తీసేయండి" అంది.