అత్తయ్య మింగిన రౌండ్లు

హార్లన్ ఓవరాల్స్‌ని నేను మూడుసార్లు నానబెట్టి ఉతుకుతాను. మొదటిసారి పిండిన నూనె నీళ్లతో మా ఊరు పైన్ ఫోర్క్‌లో ట్రాక్టర్లన్నిటినీ నెలరోజులు నడపొచ్చు. ఆ శుక్రవారం చేతులు మోచేతులదాకా నల్లగా అయ్యాక, టబ్బు దగ్గర్నుంచే చెప్పాను.

"రేపు కార్ల రేసులో నేనూ తోలుతున్నాను."

ఒక మొగుడు అనదగ్గ మాటలు చాలా ఉన్నాయి. పల్టీ కొడతావు అనొచ్చు. మెడ విరుగుతుంది అనొచ్చు. హార్లన్ కాఫీ ఊదుకుంటూ అన్నది ఒక్కటే.

"మరి నా రౌండ్లు ఎవరు రాస్తారే వర్లీన్?"

మా ట్రాక్‌లో పద్ధతి అది. ఒక్కో కారుకి ఒక్కో మనిషి మెట్ల మీద కూర్చుని, ఆ కారు గీత దాటినప్పుడల్లా పెద్ద గడియారం చూసి కాగితం మీద టైము రాయాలి. ఆ మనిషి ఎప్పుడూ పెళ్లామే. రాయని రౌండు తిరగనట్టే. ఐదేళ్లుగా నేను హార్లన్‌కి రాస్తున్నాను. తుమ్మొస్తే ఆపుకుని రాశాను, జ్వరంతో రాశాను, కడుపు పోయిన వారంలోనూ రాశాను. గెలిచినవాడు కప్పు అందించే పిల్లని ముద్దు పెట్టుకోవడం కూడా పద్ధతే. ఆ టైము మాత్రం నన్నెవరూ రాయమనలేదు.

పోయిన వేసవిలో ఆడవాళ్లకని పది రౌండ్ల పందెం పెట్టారు. మేము మొగుళ్ల కార్లు తోలాలి, జనం నవ్వాలి, అదీ ఏర్పాటు. నేను హార్లన్ కారుని హార్లన్ కంటే వేగంగా తిప్పాను. ఎంత వేగంగానో కూడా తెలుసు, ఆయన టైములు రాసింది నేనేగా. ఆ రోజు నుంచి నా కాళ్లు ఒకచోట నిలవవు. గిన్నెలు తోముతూ కుడికాలు నొక్కి నొక్కి వంటింటి నేల అక్కడ గుంటపడింది. తుక్కు దుకాణంలో ఒక పాత కారు పట్టుకొచ్చి చలికాలమంతా బాగుచేసుకున్నాను. షెడ్లో మిగిలింది ట్రాక్టర్ రంగు, ఆకుపచ్చ. రేసుల్లో ఆకుపచ్చ దరిద్రం అంటారు. ఆడదీ దరిద్రమే. రెండు దరిద్రాలూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయని నా ఆశ.

"నాకు అమ్మ రాస్తుంది. నీకెవరు రాస్తారో నేనూ చూస్తా," అని నవ్వాడు హార్లన్.

మా అత్తయ్య పేరు ఒడెల్. మావయ్యకి ఇరవై ఏళ్లు రాసింది. 1951లో రెండేళ్ల హార్లన్ ఒళ్లో కూర్చుని ఏడిస్తే ఒక్కసారి తల తిప్పింది. రౌండు పోయింది, దాంతో కప్పూ పోయింది. మావయ్య బతికున్నన్నాళ్లూ ప్రతి ఆదివారం భోజనాల దగ్గర "మా ఆవిడ రౌండు మింగేసింది" అని అందర్నీ నవ్వించేవాడు. ఇప్పుడా కథ హార్లన్ చెబుతాడు, బఠాణీలు వడ్డించుకుంటూ. ఏడ్చింది తనేనన్న ముక్క మాత్రం అందులో ఉండదు.

నాకు రాయమని ఊళ్లో ఆడవాళ్లందర్నీ అడిగాను. అందరికీ మొగుళ్లున్నారు. శనివారం ట్రాక్ దగ్గర, రేసులు నడిపే టర్లింగ్టన్ గారు ఫారం నా ముందుకి తోశారు.

"రాసే మనిషి లేకపోతే వంద తిరిగినా నువ్వు ట్రాక్ మీద లేనట్టేనమ్మాయ్!"

రాసే మనిషి పేరు గడిలో 'ఒడెల్' అని రాసేశాను. హార్లన్ ఫారంలోనూ అదే పేరు. టర్లింగ్టన్ గారు దేన్నీ చదివే మనిషి కాదు.

అత్తయ్య అప్పటికే మెట్ల మీద వేరుశనక్కాయలు ఒలుచుకుంటోంది. అవీ రేసుల్లో దరిద్రమే. నా కాగితం ఆవిడ ఒళ్లో పెట్టాను.

"నాకున్నది ఒక్క జత కళ్లేనే పిల్లా."

"తెలుసు అత్తయ్యా."

"రెండు కార్లకి రాయడం ఎవరివల్లా కాదు."

"అదీ తెలుసు."

ఇంకో కాయ ఒలిచి నోట్లో వేసుకుంది.

నలభై రౌండ్లు. సగం జిల్లా ఎర్రమట్టి నా పళ్ల మధ్యే ఉంది. హార్లన్ మూడుసార్లు నా వెనక గుద్ది, నాలుగోసారి దాటిపోయాడు. గీత దాటినప్పుడల్లా మెట్ల వైపు చూశాను. అత్తయ్య తల వంచుకుని రాస్తోంది. ఎవరికి? నేను ఉన్నానా, లేనా? తెలియక ఇంకా గట్టిగా తొక్కాను. కంటికి కనబడినంతవరకు హార్లన్ రెండోవాడు, నేను నాలుగోదాన్ని.

టర్లింగ్టన్ గారు మైకులో చదివారు. "మూడో స్థానం వర్లీన్, నలభై రౌండ్లు." కాగితం దగ్గరికి పెట్టుకున్నారు, దూరం పెట్టుకున్నారు. "హార్లన్... సున్నా."

హార్లన్ హెల్మెట్ చేత్తో పట్టుకుని మెట్లెక్కాడు.

"అమ్మా! నా రౌండ్లేవే?"

"మింగేశాన్రా," అంది అత్తయ్య పొట్టు దులుపుకుంటూ. "ఒకటి మింగితే ఇరవై మూడేళ్లు చెప్పుకున్నారు. ఇవాళ నలభై మింగాను. ఇక తీరిగ్గా చెప్పుకో."

మర్నాడు భోజనాల దగ్గర ఎవరూ ఏ కథా చెప్పలేదు. బఠాణీలు నమిలే చప్పుడు పక్క ఊరికి వినబడింది. నేను గిన్నెలు తోముతుంటే అత్తయ్య తుడిచే గుడ్డ పట్టుకుని పక్కన నిలబడింది. నేలమీది గుంటలో కాలు పెట్టి చూసింది.

"నీ కారులో సీటు ముందుకి జరుగుతుందా? నా కాళ్లు పొట్టి."

జరగదు. అది బోల్టులతో బిగించి ఉంటుంది. నేను చేతులు తుడుచుకుని షెడ్లోకి వెళ్లి రెంచి తీసుకున్నాను. హార్లన్ ఓవరాల్స్ టబ్బులో ఇంకా మొదటి నీళ్లలోనే ఉన్నాయి.