కవరులో వెళ్ళిన గొంతు

ప్రతి సోమవారం పొద్దున్నే ఆయన గదిలో అటూ ఇటూ తిరుగుతూ కథ చెప్పేవాడు, భార్య బల్ల దగ్గర కూచుని రాసేది. ఆయన చేతికి వణుకు వచ్చిన దగ్గర్నుంచీ అదే పద్ధతి. రాసేవి వారపత్రికలో భాగాలుగా వచ్చే డిటెక్టివ్ కథలు. వీధిలో పిల్లలు హత్యల తాతయ్య అనేవాళ్ళు. చీమను తొక్కాలన్నా జంకే మనిషి, వారానికొకర్ని చంపి పోస్టులో వేసేవాడు.

కవరు అంటించగానే ఆయన గొంతు కూడా అందులోనే వెళ్ళిపోయేది. పత్రికాఫీసులో సంపాదకుడు కవరు విప్పితే ఆ గొంతే ఆ వారం భాగమంతా చదివి వినిపించేది. సంపాదకుడు విని, మంచీ చెడ్డా రాసి, గొంతును జవాబులో పెట్టి తిప్పి పంపేవాడు. అందాకా ఇంట్లో సైగలే. "గొంతు పోస్టుకెళ్ళిందా అమ్మా?" అని పాలవాడు అడిగి తన దారిన తను పోయేవాడు. జవాబు కవరు చింపగానే తాతయ్య నోట వచ్చే మొదటి మాట సంపాదకుణ్ణి తిట్టేదే. ఏళ్ళ తరబడి ఉత్తరాల్లో కొట్టుకున్నారే గాని ఇద్దరూ మొహాలు చూసుకోలేదు.

ఈసారి జవాబు వచ్చింది గాని గొంతు రాలేదు. ఇంక ఆఖరి భాగమే మిగిలిందనీ, హంతకుడెవరో తనకు ముందే చెబితే గాని గొంతు పంపననీ రాశాడు సంపాదకుడు.

చెప్పడానికి ఆయనకు తెలిస్తేగా! ఆఖరి భాగం నోటితో చెబుతూ చెబుతూ ఉంటేనే హంతకుడు దొరికేవాడు. గొంతు లేనిదే హంతకుడు లేడు, హంతకుడు లేనిదే గొంతు రాదు.

ఆయనకు కాలు నిలవలేదు, తిండి సయించలేదు. ఆవిడకు మొదట చెవులకు సెలవిచ్చినట్టే ఉంది. తర్వాత ఆ చెప్పుల టపటప భరించలేకపోయింది.

"కాలుగాలిన పిల్లిలా తిరిగితే గచ్చు అరుగుతుంది గాని గొంతు రాదు. పదండి, వెళ్ళి తెచ్చుకుందాం."

పత్రికాఫీసు మేడ మీద, ప్రూఫులు దిద్దే పెద్దాయన వాళ్ళను ఆపాడు. కథ బయటికి పొక్కకూడదని సంపాదకుడు గడియ వేసుకుని వింటాడట. అప్పుడు తలుపు తట్టినవాళ్ళ ఉద్యోగం ఊడుతుందట.

"నిన్న మధ్యాహ్నం మళ్ళీ వినడం మొదలెట్టారమ్మా. ఇంకా లేవలేదు. మీ ఆయన అంత బాగా చెప్పారు మరి."

ఆవిడ తలుపుకు చెవి ఆనించింది. లోపల భర్త గొంతు బొంగురుపోయి కథ చెబుతూనే ఉంది. వినగా వినగా ఆవిడ మొహం పాలిపోయింది.

"తోటమాలికి కవల తమ్ముడేమిటి? ఆ కథలో తోటే లేదు. ఈ మాటలు నేను రాయలేదు బాబూ. మా అమ్మాయికి చిన్నప్పుడు జ్వరం వచ్చి కళ్ళు మూతలు పడుతుంటే, భయంతో దాన్ని నిద్రపోనివ్వకుండా ఈయన ఇలా అల్లేవారు."

ఆవిడ మాట పూర్తికాకుండానే ఆయన వెళ్ళి భుజంతో తలుపును గుద్దాడు. తక్కినవాళ్ళూ చెయ్యి వేశారు.

పాత సంచికల బీరువా మీద పడి, సంపాదకుడు దాని కింద ఉన్నాడు. రెప్పలు వాలినప్పుడల్లా గొంతు కథను కొత్త మలుపు తిప్పేది, ఆయన కళ్ళు మళ్ళీ తెరిచేవాడు. బీరువా లేపారు, డాక్టరును పిలిచారు. ఆస్పత్రి చేరేదాకా నిద్ర పోనివ్వద్దన్నాడు డాక్టరు.

అంతలో గొంతు తన మనిషిని చూసింది. చటుక్కున వచ్చి ఆయన పెదవుల మీద వాలింది. గది నిశ్శబ్దమైంది. సంపాదకుడి రెప్పలు మెల్లగా దిగసాగాయి.

హత్యల తాతయ్య నోరు గట్టిగా బిగించి ఒక్క అడుగు వెనక్కి వేశాడు. గొంతు కాసేపు తటపటాయించి, వెళ్ళి సంపాదకుడి చెవి దగ్గర కూచుంది.

కింద సంపాదకుణ్ణి ఆస్పత్రి బండి ఎక్కిస్తుంటే ఆవిడ భర్త చెయ్యి పట్టుకుంది. "తెచ్చుకుందామనేగా వచ్చాం," అంది నెమ్మదిగా. ఆయన తల మాత్రం ఊపాడు, చూపు బండి మీదే ఉంది.

లోపల్నుంచి ఆయన గొంతు అడుగుతోంది: "పోనీ మీరే చెప్పండి. మీకెవరి మీద అనుమానం?"

ఆవిడ బండి వైపు చెవి ఒగ్గింది. తర్వాత నీరసంగా, విసుగ్గా సంపాదకుడి మాట వచ్చింది.

"ఉండవయ్యా. ఆలోచించుకోనీ."