ఎడమ చెయ్యి జేబులో

ఈ పొద్దున్నుంచి నా భార్య కెజియా గొంతు ఆంప్లిఫయర్‌లోంచి వస్తోంది. వంటింట్లో ఆమె పెదవులు కదులుతాయి. మాట మాత్రం ముందుగదిలో, నా బల్ల మీదున్న పెట్టెలోంచి వినిపిస్తుంది.

పెట్టె జెర్మయ్యది. అతను చర్చిలో గిటార్ వాయిస్తాడు. బల్బుల్లా వెలిగే పాతకాలపు గాజు వాల్వులతో నడిచే ఆంప్లిఫయర్ కాకినాడలో అతని దగ్గర తప్ప నేను ఇంకెక్కడా చూడలేదు. ఏ తీగ మీటినా గరగరమంటోందని తెచ్చాడు. సాయంత్రం పెళ్ళిలో అది మోగాలి.

"టీ పెట్టనా?" అని పెట్టె అడుగుతుంది. మాట చివర గుడ్డ చిరిగినట్టు చిరుగుతుంది. గిటార్ శబ్దమూ సరిగ్గా అక్కడే చిరుగుతోంది.

"గరగర ఈవిడేనండి," అంటాడు జెర్మయ్య. "అక్కగారు లోపలుంటే పెళ్ళిలో ఎలాగండి? పాట మధ్యలో పప్పులో ఉప్పు సరిపోయిందా అనడిగేత్తారు."

నేను నవ్వను. వరసగా చూసుకుంటూ వస్తాను. వేరే గిటార్ తగిలిస్తాను, వైరు మారుస్తాను. గరగర పోదు. స్పీకరు అట్ట చుట్టూ వేలితో తడిమి చూస్తాను. ఎక్కడా చిరుగు లేదు. ఇక మిగిలినవి వాల్వులు. పెన్సిల్ వెనకవైపుతో ఒక్కోదాన్నీ తడతాను. చెడిన వాల్వు తట్టగానే అరుస్తుంది.

మొదటిది పలకదు. రెండోదీ అంతే. మూడోదాన్ని తట్టగానే వంటింట్లో గిన్నె కింద పడుతుంది. కెజియా మెడ పట్టుకుని గుమ్మంలోకి వస్తుంది. ఆమె గొంతు మీద పెన్సిలంత వెడల్పున ఎర్రటి గుండ్రం ఉంది.

"అదే," అంటుంది పెట్టె.

స్విచ్ కట్టేసి, చల్లారాక వాల్వు తీయడం పద్ధతి. కట్టేస్తాను. గాజులో నారింజరంగు వెలుగు తగ్గుతుంది. కెజియా పెదవులు నీలమవుతాయి. ఊపిరి ఆగుతుంది. మళ్ళీ స్విచ్ వేస్తాను. వెలుగు వస్తుంది, దాని వెనకే ఊపిరి.

"ఇంకోసారి కట్టేయకండి. లోపల గాలి లేదు."

"వాల్వులో గాలి ఉండదు కెజియా. తయారీలోనే లాగేస్తారు."

"అయితే వేడి మీదే తీసేయండి."

పెట్టెలో వందల వోల్టులున్నాయి. నాకు పని నేర్పిన సాల్మన్ మాస్టారికి ఒకటే నియమం. కరెంటున్న పెట్టెలో కుడి చెయ్యి పెడితే ఎడమ చెయ్యి జేబులో ఉండాలి. రెండూ లోపలుంటే కరెంటు ఒక చేతిలో ఎక్కి, గుండె మీదుగా రెండో చేతిలో దిగుతుంది. ఆయన ఆ నియమం ఒక్కసారే మరిచిపోయారు. మర్నాడు సమాధి దగ్గర మేం పాడాం.

ఎడమ చెయ్యి జేబులో పెడతాను. ఈరోజు జేబు లోతుగా ఉంది. చెయ్యి మోచేతి దాకా దిగుతుంది. అడుగున ఇంకో చెయ్యి నా చేతిని పట్టుకుంటుంది. చిటికెన వేలికి రాగి ఉంగరం తగులుతుంది. అది మాస్టారి ఉంగరం.

కుడిచేత్తో మడత గుడ్డ తీసుకుని మూడో వాల్వు పట్టుకుంటాను. అటూ ఇటూ మెల్లిగా కదుపుతాను. గుమ్మంలో కెజియా తల అటూ ఇటూ ఊగుతుంది. వాల్వుతో పాటు అది కూర్చున్న గూడు కూడా పైకి లేస్తోంది. దాన్ని అదిమి పట్టడానికి రెండో చెయ్యి కావాలి.

"పెట్టండి," అంటుంది పెట్టె.

"మాస్టారు వదలట్లేదు."

"ఆయనకి పెళ్ళాముందా, పిల్లలా? ఆయనకేం తెలుస్తుంది? లాగండి."

లాగుతాను. జేబులోని వేళ్ళు ఒక్కొక్కటే విడిపోతాయి. రెండు చేతులూ పెట్టెలో పెడతాను. కరెంటు కుడి చేతిలో ఎక్కుతుంది. గుండె దాకా వచ్చి ఆగుతుంది. దిగదు.

వాల్వు ఊడి వస్తుంది.

"అమ్మయ్య," అంటుంది కెజియా, తన నోటితోనే.

అట్టపెట్టె విప్పి, దూది తొలగించి కొత్త వాల్వు తీస్తాను. దాని తొమ్మిది కాళ్ళనీ గూటిలోని తొమ్మిది కన్నాల్లో దింపుతాను. జెర్మయ్య మీటుతాడు. శబ్దం నీళ్ళలా వస్తుంది. లావు తీగ దగ్గరికి వచ్చేసరికి అతను ఆగుతాడు.

"ఇంకా ఎక్కడో ఉందండి. పెట్టెలో కాదు."

కెజియా పెన్సిల్ తీసుకుంటుంది. బల్లని తడుతుంది. కిటికీ రెక్కని తడుతుంది. తర్వాత నా రొమ్ము మీద తడుతుంది. నేను అరుస్తాను. నోరు మూసే ఉంది. అరుపు ఒళ్ళంతా గాజు వణికినట్టు వస్తుంది. చొక్కా కింద నారింజరంగు వెలుగు.

"ఇదే," అంటుంది కెజియా.

"కట్టేయకు."

"కట్టేయను. అదెలా ఉంటుందో నాకు తెలుసుగా." గుడ్డ మడత పెట్టి నా తల పట్టుకుంటుంది. "భయపడకండి. వేడి మీదే తీసేస్తాను."

అటూ ఇటూ మెల్లిగా కదుపుతుంది. గచ్చు లేవకుండా జెర్మయ్య వంగి, రెండు చేతులతో అదిమి పడతాడు. నా పాదాలు నేలని వదులుతాయి. అవి ఉన్నచోట చుట్టూ వరసగా తొమ్మిది చిన్న కన్నాలు. ఎడమ చేత్తో జేబు కోసం తడుముకుంటాను. జేబు లేదు.

నన్ను గాల్లో అలాగే పట్టుకుని, కెజియా రెండో చేత్తో గోడకి ఆనించి ఉన్న మనిషెత్తు అట్టపెట్టె విప్పుతుంది. దూది తొలగిస్తుంది. లోపల నేను నిలబడి ఉన్నాను. కళ్ళు మూసి ఉన్నాయి, ఎడమ చెయ్యి జేబులో ఉంది. రాగి ఉంగరమున్న ఇంకో చెయ్యి మణికట్టు దాకా ఆ జేబులోంచి బయటికి వచ్చి, ఎడమ చెయ్యి మళ్ళీ బయటికి రాకుండా జేబు అంచుకి గబగబా కుట్లు వేస్తోంది.