టాకాలు పడేదాకా

నారి మీద కొయ్య సుత్తి పడిన ప్రతిసారీ దూది ఉలిక్కిపడి పైకి లేస్తోంది. నబీసాబ్ వాకిట్లో బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. ముక్కుకు రుమాలు కట్టుకున్నాడు. కనుబొమ్మల మీద, ముంజేతుల నెరిసిన వెంట్రుకల మీద సన్నటి పీచు వాలింది. ఎడమ చేతిలో విల్లు, కుడి చేతిలో సుత్తి. ఒక దెబ్బ, కాస్త ఆగడం, మళ్లీ దెబ్బ. కుర్రతనం నుంచీ అతని చేతికి అదే నడక.

పెద్దవంగర నుంచి పొద్దున్నే బస్సులో నెల్లికుదురు వచ్చాడు. పని గట్టయ్య ఇంట్లో. గట్టయ్య తల్లి బాలనర్సమ్మను దవాఖాన నుంచి తిరిగి ఇంటికి తెచ్చారు. ఇక చేయగలిగింది లేదన్నారు డాక్టర్లు. ఆమె అడిగింది ఒక్కటే, సొంత చేలో ఏరిన పత్తితో పరుపు. ఏటా పండిన పత్తంతా లారీ ఎక్కిందే తప్ప, ఆ దూది మీద ఆమె ఒక్కనాడూ నడుం వాల్చలేదు.

చూరు కింద నులక మంచంలో ఆమె పక్కకు తిరిగి పడుకుంది. మనవరాలు తేజస్విని ఫోను ఆమె ముఖానికి ఎదురుగా పట్టుకుని, జపాను బొమ్మల సీరియల్ చూపిస్తోంది. తెర కింద పడే ఇంగ్లీషు చదివి తెలుగులో చెబుతోంది.

"ఆమె మళ్లా చేప వండుతాందా?"

"వండుతాంది బాపమ్మా."

"ఇన్ని భాగాలాయె, దాని వంట ఒడుస్తలేదు."

నబీసాబ్ రుమాలు చాటున నవ్వాడు.

కథ అతనికీ అర్థమైంది. సముద్రం ఒడ్డున ఒక విధవరాలు. ఆమె ఇంట్లో ఒకడు అద్దెకు దిగాడు. ఆమె భర్త పడవ మీద నుంచి నీళ్లలో పడిననాడు ఆ పడవలో ఉన్న రెండో మనిషి అతనే. తోశాడా, కాలు జారిందా? ఆమె అడగదు. అతను చెప్పడు. రోజూ ఎదురెదురుగా కూర్చుని తింటారు.

"మొగన్ని సంపినోనికి బువ్వ పెడ్తరా ఎవలన్న?" అంది బాలనర్సమ్మ.

"పెడ్తరక్కా" అన్నాడు నబీసాబ్.

తమ్ముడు ఖలీల్ ఉమ్మడి దుకాణాన్ని తన పేరు మీదికి మార్చుకుని, దూదేకే మిషన్ పెట్టాడు. అది తెలిశాక కూడా అన్నదమ్ములు ఏళ్ల తరబడి ఒకే దస్తర్‌ఖాన్ దగ్గర తిన్నారు. ఖలీల్ మంచి ముక్కలు ఏరి అన్న పళ్లెంలో వేసేవాడు. ఎందుకు చేశావని నబీసాబ్ అడగలేదు. ఇప్పుడు అడుగుదామంటే ఖలీల్ లేడు. ఆ బొమ్మలు గీసినవాడెవడో తమ ఇంటి మూలన కూర్చుని చూసినట్టే ఉంది.

"గా చేతులు సూడు బిడ్డా. తినే పుల్లలు కింద పెట్టంగ ఏలు జర వణికింది. గది గీసినోడు మామూలోడు కాదు."

తేజస్విని ముఖం వెలిగింది. "గదే తాతా! మాటలు లేకున్నా గుండె దడదడ కొట్టుకుంటది. కని ఆ పోలీసాయన ముచ్చట అక్కరనే లేకుండె. సగం కత ఆయనే తిన్నడు. వాన గూడ ఊకె కురుస్తది."

"సప్పుడొకటి" అంది బాలనర్సమ్మ. "ఏం లేనికాడ గుయ్యిమని బెదిరిచ్చుడు. అయినా ఇడ్సబుద్ధయితలేదు. కని ఆ తీసినాయనకేంది, సూసెటోళ్లంత నూరేండ్లుంటరనుకున్నడు."

ముగ్గురూ నవ్వారు. ఆమె నవ్వు దగ్గులోకి తిరిగి, చాలాసేపటికి గానీ ఆగలేదు. తేజస్విని వీపు నిమిరింది.

"నేను మొత్తం సూసిన. చెప్పెయ్యాల్నా బాపమ్మా, తోసిండో లేదో?"

"నోరు ముయ్యి పోరీ! గింత నిమ్మలంగ తీస్కస్తాంటే, నడుమ నువ్వు కుండ పలగ్గొడ్తవా? సూస్తా."

మధ్యాహ్నానికి ఏకిన దూది వాకిట్లో మబ్బులా పేరుకుంది. నబీసాబ్ దాన్ని పరుపు గలీబులో నింపి, బెత్తంతో సమం చేసి, మూతి కుట్టాడు. ఇక పరుపంతా అక్కడక్కడా దబ్బనంతో బిగించాలి.

"అయిందా తమ్మీ? ఎత్తి పండవెట్టుండ్రి."

"టాకాలు పడలేదక్కా. టాకాలు లేకుంటే దూది పక్కలకు పోతది. నడుమ నుల్క తగుల్తది."

"తగిలితే ఎన్నొద్దులు తగుల్తది తియ్యి."

"జర ఆగక్కా. జల్ది చేసుడు నాకు రాదు."

నిజమే, రాదు. అందరూ మిషన్ దగ్గరికి పోయినా, పరుపు గడ్డ కట్టకూడదనుకునేవాళ్లు మాత్రం అతని కోసం ఆగేవారు.

చివరి భాగం మొదలైంది. నబీసాబ్ కాళ్ల వైపు నుంచి కుట్టుకుంటూ వస్తున్నాడు. తెర మీద అద్దెకున్నవాడు పండు ఒలిచి ఆమె ముందు పెట్టాడు. ఏదో చెప్పడానికి నోరు తెరిచాడు. తేజస్విని చదువుతున్నదల్లా ఆగిపోయింది.

"బాపమ్మా?"

నబీసాబ్ తలెత్తాడు. బాలనర్సమ్మ కళ్లు తెర వైపే ఉన్నాయి. ఛాతీ కదలడం లేదు.

చేలోంచి గట్టయ్య పరుగున వచ్చాడు. ఇరుగుపొరుగు పోగయ్యారు. ఎవరో చాప తెచ్చారు.

"పరుపు మీద పండవెట్టుండ్రి బాపూ" అంది తేజస్విని.

"కొత్తది బిడ్డా. ఆమెను పండవెడ్తె ఇగ ఇంట్ల ఉంచరాదు. ఊరవతల పారేసుడే." అని తల్లి ముఖం చూశాడు గట్టయ్య. "ఆమె పత్తే గదా. ఎయ్యుండ్రి" అన్నాడు.

"తల వైపు టాకాలు ఇంక పడాలె" అన్నాడు నబీసాబ్.

"ఇంక టాకాలెందుకు సాబ్?"

"నేల తగుల్తది."

దబ్బనంలో దారం ఎక్కించుకుని మళ్లీ కూర్చున్నాడు. వేగం పెంచలేదు. ఎవరూ తొందరపెట్టలేదు. అందరూ శవం చుట్టూ నిలబడి ఆగారు.

పరుపు మీద పడుకోబెట్టాక, తేజస్విని నానమ్మ చెవి దగ్గరకు వంగి చాలాసేపు మెల్లగా ఏదో చెప్పింది. దేవుడి పేరు చెబుతోందనుకున్నారు చుట్టూ ఉన్నవాళ్లు. నబీసాబ్ ఆ మాటలు చెవిన పడకుండా దూరంగా వెళ్లి నల్లా తిప్పి, నీళ్ల చప్పుడులో చేతులు కడుక్కుంటూ నిలబడ్డాడు.

మర్నాడు మళ్లీ వచ్చి పాడె వెంట నడిచాడు. మట్టి అయిపోయాక అందరూ స్నానాలకు వెళ్లారు. అతను ఒక్కడే బస్సు కోసం ఊరి చివరికి వచ్చాడు. అక్కడ, సర్కారు తుమ్మల పక్కన, తెల్ల పరుపు పరిచి ఉంది. టాకా ఒక్కటీ ఊడలేదు. నడుమ మాత్రం, ఒక బక్కపలచని మనిషి పక్కకు తిరిగి పడుకున్నంత మేర, దూది కొద్దిగా దిగి ఉంది.