పేజీ తిప్పే మనిషి

వ్లాస్తా ఎప్పటిలాగే స్వరాల కాగితాలు పెట్టుకునే స్టాండును బొహుష్ వైపు కాస్త ఎక్కువగా వంచి మర బిగించింది. అతను పొడగరి, పైగా బయటి కుర్చీవాడు. జనానికి కనబడేది ఆ కుర్చీయే. వ్లాస్తాది లోపలి కుర్చీ. మా ఊరి ఆర్కెస్ట్రాలో రెండో వయొలిన్ల వరుసలో చిట్టచివరి స్టాండు వీళ్ళిద్దరిదీ. ఆమె పొట్టి మనిషి, బలమైన భుజాలు, వాయించేటప్పుడు మాత్రం పెట్టుకునే కళ్ళజోడు, ఎడమ దవడ కింద వయొలిన్ ఒరుసుకుని ఏర్పడ్డ గోధుమరంగు మచ్చ. ఆ మచ్చకు ఎవరో మందు చెప్పబోతే, "మందెందుకండీ, అది నా గుర్తింపు కార్డు," అంది. ఇవాళ సాయంత్రం కచేరీతో ఆమె ఉద్యోగం ముగుస్తుంది.

లోపలి కుర్చీవాళ్ళకు ఒక పని అదనం. పేజీ అయిపోవస్తుంటే వాళ్ళు వాయించడం ఆపి కాగితం తిప్పాలి. బయటివాళ్ళు ఆగకుండా వాయిస్తూ పోతారు. ఏ ఊళ్ళోనైనా పద్ధతి ఇదే. ఈ పనిలో వ్లాస్తాను మించినవాళ్ళు లేరని నేను పందెం కాస్తాను. ఆమె తిప్పితే చప్పుడు ఉండదు, తొట్రుపాటు ఉండదు, మరుక్షణం కమాను మళ్ళీ తీగల మీద ఉంటుంది.

చిక్కంతా ఇవాళ్టి సింఫనీతో వచ్చింది. యుద్ధం ముగిసిన కొత్తలో నేతమిల్లు కార్మికులు భోజనశాలలో బల్లలు పక్కకు జరిపి మొదలుపెట్టిన ఆర్కెస్ట్రా ఇది. అచ్చుకాగితాలు కొనే స్తోమత లేక, మిల్లు గుమాస్తా హావ్రానెక్ స్వరాలన్నీ చేత్తోనే ఎత్తి రాశాడు. కాగితం కరువు కాబట్టి అడుగంచు దాకా రాసుకుంటూ పోయాడు. ఈ సింఫనీ మొత్తంలో రెండో వయొలిన్లకు పాట దక్కేది ఒక్కచోటే, నెమ్మదిగా సాగే రెండో భాగంలో. మిగతాదంతా మొదటి వయొలిన్ల వెనక చేసే కూలిపని. దక్కిన ఆ ఒక్క పాటా, ఆ మహానుభావుడి చేతిలో సరిగ్గా పేజీ అడుగున పడింది.

తర్వాత ప్రభుత్వాలు మారాయి. మిల్లు మూతపడింది. ఆర్కెస్ట్రాను కూడా మూసేస్తామంటే అందరూ సగం జీతానికి వాయించి నిలబెట్టుకున్నారు. హావ్రానెక్ కాగితాలు మాత్రం మారలేదు. "శుభ్రంగా ఉన్నాయిగా, ఇంకేం కావాలి?" అంటారు మావాళ్ళు. అందుకని ఆ పాట వచ్చినప్పుడల్లా వ్లాస్తా పేజీ తిప్పుతూనే వచ్చింది. వంటింట్లో లెక్కలేనన్నిసార్లు వాయించుకుంది గానీ వేదిక మీద ఒక్కసారీ వాయించలేదు.

పొద్దున రిహార్సల్లో చెయ్యి ఎదురుతిరిగింది. పేజీ దగ్గరికి వెళ్ళాల్సింది తీగల మీదే ఉండిపోయింది. బొహుష్ బిత్తరపోయి మోచేత్తో పొడిచాడు. ఆమె ఉలిక్కిపడి కాగితం లాగేసరికి అన్నీ జారి నేలమీద పరుచుకున్నాయి. ముందు నిలబడి ఆర్కెస్ట్రాను నడిపించే కండక్టర్ చెయ్యి దించాడు.

"వెనకాల ఏమైందండీ?"

"నా తప్పేనండీ. పేజీ," అంది వ్లాస్తా, వంగి ఏరుకుంటూ.

"రిటైర్మెంటు రేపట్నుంచి తల్లీ, ఇప్పట్నుంచి కాదు," అని గొణిగాడు బొహుష్.

కాంటీన్లో ఆమె ఎదురుగా కూర్చుని గసగసాల బన్ను తుంపుతూ మళ్ళీ ఎత్తుకున్నాడు. "ఏంటి వ్లాస్తా, కునుకు పట్టిందా?"

"కునుకా, నాకా? వాయించాలనిపించింది. ఆ పాట నేను స్టేజీ మీద ఎప్పుడూ వాయించలేదు బొహుష్. ఒక్కసారంటే ఒక్కసారి కూడా."

అతను నవ్వాడు. ఆమె నవ్వకపోయేసరికి ఆపేశాడు. "మరి పేజీ ఎవరు తిప్పుతారు? నేనా? బయటి కుర్చీవాడు తిప్పడం ఎక్కడైనా చూశావా? ఊరంతా నవ్విపోతుంది."

"నిన్ను తిప్పమన్నానా? కాఫీ తాగు, చల్లారిపోతోంది."

అడగలేదన్నది నిజమే. అడిగి కాదనిపించుకునే రకం కాదామె. కానీ మధ్యాహ్నం ఇంట్లో నల్లగౌను ఇస్త్రీ చేసుకుంటూ ఏడ్చింది. ఉద్యోగం పోతున్నందుకు కాదు, ఆ ఒక్క పాటా దక్కకుండా పోతున్నందుకు. ఏడ్చాక ముఖం కడుక్కుని, బుద్ధిగా పేజీ తిప్పాలని గట్టిగా అనుకుని బయల్దేరింది.

సాయంత్రం హాలు నిండింది. రెండో భాగం మొదలైంది. పేజీ అడుగు దగ్గరపడింది. వ్లాస్తా కమాను ఎత్తి చెయ్యి చాచబోయింది. అంతలో అడ్డంగా ఇంకో చెయ్యి వచ్చింది, పొడుగాటిది, నల్లకోటుది.

"నువ్వు కానివ్వు," అన్నాడు బొహుష్ పెదవి కదపకుండా.

ఆమె కానిచ్చింది. వంటింట్లో వాయించినట్టు కాదు, ఇంకా నిండుగా, వెనక్కి తగ్గకుండా వాయించింది. బొహుష్ జన్మలో పేజీ తిప్పి ఎరగడు కదా, రెండు కాగితాలు ఒకేసారి తిప్పేశాడు. వెనక్కి తిప్పబోతే మూడోది కూడా లేచొచ్చింది. జనంలో మూడో వరుసలో ఎవరో కిసుక్కుమన్నారు. స్టాండు మీద ఎక్కడి పేజీయో ఉంది. వ్లాస్తా అటు చూడనే లేదు. ఆ పాటనూ, దాని తర్వాత వచ్చే కూలిపనినీ, అతను చెమటలు కక్కుతూ అసలు పేజీ పట్టుకునేదాకా చూడకుండానే వాయించుకుంటూ పోయింది. ఆ స్టాండు నుంచి ఆ కాసేపూ వినబడింది ఆమె ఒక్కతే. నేను విన్నాను.

చప్పట్లయ్యాయి. పూలగుత్తి ఇచ్చారు. బొహుష్ రుమాలుతో మెడ తుడుచుకున్నాడు.

"ఇది ఇంత కష్టమని నాకేం తెలుసు? ఇన్నాళ్ళూ చెప్పవేం?"

"చెబితే నేర్చుకునేవాడివా?"

ఆమె వయొలిన్ పెట్టె మూసి, పూలు చంకలో పెట్టుకుని మెట్లు దిగింది. బొహుష్ వెనకనుంచి కేకేశాడు. "వ్లాస్తా! నీ కళ్ళజోడు ఇక్కడే మర్చిపోయావ్!"

"మర్చిపోలేదు," అంది ఆమె తిరగకుండానే. "అది స్టాండు మీది కాగితం చదివే దూరానికి చేయించింది. మా వంటింట్లో అంత దూరం ఎక్కడుంది?"

దీపాలు ఒక్కొక్కటే ఆరాయి. స్టాండు అంచున, లోపలి కుర్చీ వైపు, కాళ్ళు ముడిచి ఆ కళ్ళజోడు ఉంది.