మూడు వందల వాట్ల డబ్బా

నారాయణఖేడ్‌లో పొద్దున పూట కరెంటు పోతే, ఆ గల్లీ వాళ్లు ఫోన్లు పట్టుకుని రిబ్కమ్మ అరుగు దగ్గరికి పోతారు. ఆమె ఒక చేత్తో కందిపప్పులో రాళ్లు ఏరుతూ, రెండో చేతి వేళ్ల మధ్య చార్జింగ్ వైర్లు పట్టుకుని కూర్చుంటుంది. ఆమె చేతుల్లో కరెంటు ఉంది. పెండ్లయిన ఏడాదే మొదలైందట. దవాఖానలో చూపిస్తే డాక్టర్ నీళ్లు ఎక్కువ తాగమన్నాడు. అప్పటినుంచి ఆమె నీళ్లు ఎక్కువ తాగుతుంది.

విక్టర్ ఆమె చెల్లెలి కొడుకు. కరెంటు పని చేస్తాడు. క్రిస్మస్‌కు ఆ పేటలోని చిన్న చర్చికి లైట్లు కట్టేది అతనే. మూడేళ్లుగా పిక్సెల్ లైట్లు కడుతున్నాడు. వాటిలో ఏ బల్బుకు ఆ బల్బు రంగు మార్చుకుంటుంది. గోపురం మీద నక్షత్రం, దాని వెనక పరుగెత్తే తోక చూడటానికి కల్హేర్ నుంచి కూడా ఆటోల్లో వచ్చేవాళ్లు.

ఆ లైట్లకు ప్రాణం పవర్ సప్లై డబ్బా. ఎనిమిది వందల బల్బులు తెల్లగా వెలగాలంటే రెండు వందల నలభై వాట్లు కావాలి. డబ్బా ఉడికిపోకుండా ఉండాలంటే దానిమీద ఇంకో పావు వంతు చూసుకోవాలి. అంటే మూడు వందలు. అయితే లేబుల్ మీద రాసిందంతా లోపల ఉండదు. అందుకే విక్టర్ ఏ డబ్బా తెచ్చినా ముందు పెద్దమ్మ చేతికిచ్చేవాడు. ఆమె వైరు కొసలు పట్టుకుని, అది ఎంత మోస్తుందో చెప్పేది.

పోయిన డిసెంబర్‌లో హైదరాబాద్‌లో ఒక దుకాణంలో సగం ధరకు దొరికాయని, ఒకటి కట్టడానికి ఒకటి అదనానికి, రెండు డబ్బాలు తెచ్చాడు. లేబుల్ మీద మూడు వందల వాట్లు అని ఉంది.

"ఇది మొయ్యదు బిడ్డా. సగం గూడ మొయ్యదు" అంది రిబ్కమ్మ.

"నాలుగు రోజులే గదా పెద్దమ్మా, నడుస్తది తియ్యి" అన్నాడు విక్టర్.

రెండో రోజు సాయంత్రం, పాటలు మొదలు కాకముందే, చర్చి వాకిట్లో డబ్బా అంటుకుంది. మంట వైరు పట్టుకుని పందిరి వైపు పాకింది. పందిరి కింద పిల్లలున్నారు. గంట కొట్టే యోసేపు ఉరికొచ్చి, మండుతున్న వైరును ఒట్టి చేత్తో గుంజి అవతల పారేశాడు. పిల్లలకేం కాలేదు. యోసేపు కుడి అరచెయ్యి మాత్రం కాలి ముడుచుకుపోయింది.

ఎట్లా జరిగిందని కమిటీ పెద్ద ఇమ్మానుయేల్ అడిగినప్పుడు, విక్టర్ కళ్లకు డబ్బా పక్కన పడున్న గోనెసంచి కనబడింది. మంచుకు తడవొద్దని పొద్దున యోసేపే దాన్ని డబ్బా మీద కప్పాడు. లైట్లు వేసేముందు విక్టరే దాన్ని తీసి పక్కన పడేశాడు.

"డబ్బా మీద తడి సంచి కప్పిండ్రు. గాలాడలే" అన్నాడు విక్టర్.

ఒక్క మాట. అది నోట్లోంచి ఎట్లా వచ్చిందో అతనికే తెలియదు. యోసేపు ఎదురు చెప్పలేదు. "నేనే కప్పిన. తియ్యాలన్న సోయి లేకపాయె" అన్నాడు, కాలిన చేతిని పొట్టకు అదుముకుని. కమిటీ అతని దగ్గరున్న చర్చి తాళాలు తీసేసుకుంది.

ఆ ఏడాదంతా విక్టర్ చర్చికి వెనక తలుపు నుంచి పోయి, ఆఖరి పాట కాకముందే బయటపడేవాడు. యోసేపు బజారులో ఎదురైతే, "బాగున్నవా బిడ్డా" అని అతనే ముందు పలకరించేవాడు. విక్టర్ తలొంచుకుని పక్క గల్లీలోకి తిరిగేవాడు. యోసేపు భార్య క్రిస్టీనా కూలికి పోతోంది. యోసేపు ఎడమ చేత్తో అన్నం కలుపుకోవడం నేర్చుకుంటున్నాడు.

మళ్లీ డిసెంబర్ వచ్చింది. ఆదివారం ఆరాధన అయ్యాక ఇమ్మానుయేల్ లేచి, గంటకు కొత్త మనిషిని పెడుతున్నామనీ, చర్చి ఆవరణలోని గది యోసేపు ఖాళీ చెయ్యాలనీ చెప్పాడు. ఆఖరి బెంచీలో క్రిస్టీనా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. యోసేపు తల ఊపాడు, అది న్యాయమే అన్నట్టు.

ఆ తల ఊపడం చూశాక విక్టర్ కూర్చోలేకపోయాడు.

"సంచి నేనే తీసిన" అన్నాడు లేచి. ముందు బెంచీల దాకా నడిచాడు. "లైట్లు ఏసేటప్పుడు డబ్బా మీద ఏం లేదు. డబ్బానే మంచిది కాదు. నాకు ఎరుకే."

ఇమ్మానుయేల్ నమ్మలేదు. "ముసలాయన గది పోతుందని గిట్లంటున్నవ్ విక్టర్. మూడొందల వాట్లని నేనే సదివిన గదా!"

విక్టర్ ఇంటికి పోయి, మంచం కింద ఏడాదిగా దాచిన రెండో డబ్బా తెచ్చాడు. ఈ ఏడు కట్టాల్సిన ఎనిమిది వందల బల్బుల దండను బెంచీల మీద పరిచి దానికి కలిపాడు. స్విచ్ వేస్తే కరెంటు లేదు.

"వైర్లు ఇటియ్యి" అంది రిబ్కమ్మ, బెంచీలోంచి లేచి.

చెంబెడు నీళ్లు తాగి, డబ్బా వైరు కొసలు రెండు చేతుల్లో పట్టుకుంది. పట్టపగలు చర్చి లోపల బల్బులన్నీ తెల్లగా వెలిగాయి. కాసేపటికి, డబ్బా మొయ్యలేక, దండ చివరి బల్బుల తెలుపు విరిగి ఎర్రబారింది. ఆ ఎరుపు ఒక్కో బెంచీ దాటుకుంటూ ముందుకొచ్చింది. డబ్బాలో ఫ్యాను గీకినట్టు చప్పుడు చేసి ఆగింది. ప్లాస్టిక్ మాడే వాసన, ఆ వెంటనే పొగ. రిబ్కమ్మ కొసలు వదల్లేదు. ఇమ్మానుయేలే పోయి ఆమె వేళ్లు విప్పాడు.

డబ్బా మీద ఏ సంచీ లేదు. అది అందరూ చూశారు.

పాస్టర్ అయ్యగారు తాళాలు తెచ్చి యోసేపు ఎడమ చేతిలో పెట్టాడు. గది మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. విక్టర్‌ను ఏం చెయ్యాలో కమిటీకి తోచలేదు. ఈసారి లైట్లు కట్టి, ఆరిపోయేదాకా అక్కడే కాపలా ఉండమన్నారు.

రిబ్కమ్మ రెండు రోజులు మంచం దిగలేదు. విక్టర్ జొన్న గట్క కలిపి తాగించాడు.

"నీకు ముందే ఎరుక గదా పెద్దమ్మా. కమిటీకి ఎందుకు చెప్పలే?"

"నువ్వే చెప్తవేమోనని చూసిన" అంది ఆమె. "నాది గూడ తప్పే."

మూడో రోజు విక్టర్ మంచి డబ్బాలు రెండు తెచ్చి, బల్బుల బరువు రెండింటికీ పంచి, నిచ్చెనతో చర్చికి పోయాడు. యోసేపు వాకిలి ఊడుస్తున్నాడు. విక్టర్ వెళ్లి ఎదుట నిలబడ్డాడు.

"కాకా, తప్పయింది."

యోసేపు చీపురు గోడకు ఆనించి, ముడుచుకుపోయిన అరచేతిని తిప్పి చూసుకున్నాడు.

"ఏడాది పొడుగూత గీ చెయ్యిని తిట్టుకున్న బిడ్డా. సంచి కప్పిన చెయ్యి గిదే గదా, కాలితే కాలిందిలే అనుకున్న." వేళ్లు చాపబోయాడు. "ఉత్తగనే తిట్టుకున్న దీన్ని."

విక్టర్ నిచ్చెన పట్టుకుని అక్కడే ఉండిపోయాడు.

"నిలబడితే పని కాదు" అన్నాడు యోసేపు. నిచ్చెన గోడకు వేసి, ఎడమ చేత్తో గట్టిగా అదిమి పట్టుకున్నాడు. "ఎక్కు. నేను పట్టుకుంట."